ప్రమాదం లేని రోజులు

సోమవారం ఉదయం హెచ్‌ఆర్ ఆఫీసరు బల్ల మీదుగా ఒక కాగితం ముందుకు జరిపాడు. కౌన్సిలర్ దాన్ని తన వైపు తిప్పుకుని చదివింది.

ఆ పెద్దాసుపత్రికి ఆమె సోమ, బుధ, శుక్రవారాలు వస్తుంది. రోగుల కోసం కాదు, అక్కడ పనిచేసేవాళ్ల గోడు వినడం కోసం. కాగితంలో ఉన్నది లాండ్రీలో చేరి మూడు నెలలైన కొత్తమ్మాయి ఫిర్యాదు. ఆరు గడుల్లో మూడింటికి టిక్కు ఉంది: ట్రామా, ట్రిగ్గర్, టాక్సిక్ ప్రవర్తన. 'కారణమైన వ్యక్తి' అన్నచోట లాండ్రీలో పందొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న ఆవిడ పేరు ఉంది. అడుగున 'నిపుణుల అభిప్రాయం' అని రాసి, సంతకానికి ఒక గీత గీశారు.

"శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. మీ సంతకం ఒక్కటుంటే చాలు," అన్నాడు ఆఫీసరు. "ఆవిడ కాంట్రాక్టు ఎలాగూ నెలాఖరుకి అయిపోతుంది. మళ్లీ ఇవ్వం. గొడవ లేకుండా తేలిపోతుంది."

"ఏం జరిగింది?"

"అందులో ఉందిగా మేడమ్. ట్రామా, ట్రిగ్గర్..."

"అవి మాటలు. ఏం జరిగింది అని అడుగుతున్నాను."

ఆఫీసరు నవ్వాడు. ఎగతాళి నవ్వేమీ కాదు. "ఆ మాటలు మీవే కదా మేడమ్. పోస్టర్ మీద ఉన్నవే ఫారంలో పెట్టాం."

ఆమె సంతకం పెట్టలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి లాండ్రీకి వెళ్లింది.

లాండ్రీ తలుపు పక్క గోడకి రెండు తగిలించి ఉన్నాయి. ఒకటి ఆమె కిందటేడు రాసిచ్చిన పోస్టర్. 'మీకు ఇలా అనిపిస్తోందా?' అని పైన, దాని కింద ఆరు మాటలు, వాటి కింద ఫోన్‌తో స్కాన్ చేస్తే ఫారం తెరుచుకునే క్యూఆర్ కోడ్. ఆ మాటలు ఆమె ఏరికోరి పెట్టింది. కుర్రవాళ్ల నోట్లో ఎప్పుడూ నలిగే మాటలైతే మొహమాటపడకుండా వస్తారని. రెండోది రేకు బోర్డు. 'ప్రమాదం లేని రోజులు' అని పెయింటుతో రాసి, మూడు మేకులకి మూడు అంకెల పలకలు వేలాడదీశారు. లాండ్రీ మేనేజరు రోజూ ఉదయం ఏడింటికి వచ్చి తన చేత్తోనే పలక మారుస్తాడు. ఆ రోజు అంకె రెండు వందల నలభై మూడు.

లోపల యంత్రాల హోరు. వార్డుల నుంచి ఎర్ర సంచులు తోపుడుబండి మీద వస్తున్నాయి. ఒక్కో సంచి విప్పి స్టీలు బల్ల మీద గుమ్మరిస్తారు. దుప్పటికి రెండు మూలలూ పట్టుకుని, ఒంటికి దూరంగా చాచి, మూడుసార్లు దులుపుతారు. చెంచాలు రాలతాయి, కళ్లజోళ్లు రాలతాయి, ఒక్కోసారి కట్టుడుపళ్లు రాలతాయి. అప్పుడప్పుడు సూది రాలుతుంది. దులపకుండా ఎవరూ దుప్పటి లోపల చెయ్యి పెట్టకూడదు.

"దులుపూ!"

ఆ అరుపు యంత్రాల హోరు మీదుగా వచ్చింది. కాగితంలో పేరున్న ఆవిడే. ఆవిడని ఆసుపత్రి మొత్తం సైరన్ అంటుంది, వెనకాల కాదు, ఎదురుగానే. అంబులెన్సు డ్రైవర్లు కూడా వరస కలిపి, "సైరనక్కా, మా బండిది పాడైంది, నువ్వొచ్చి ఎక్కు," అంటారు.

* * *

కౌన్సిలర్ గది ఒకప్పుడు ఉతికిన దుప్పట్లు దాచే లినెన్ స్టోరులో సగం. రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక ఫ్యాను. సైరన్ కుర్చీ అంచున కూర్చుంది. పక్క కుర్చీ మీద ఎవరో పడేసిన తువ్వాలు కనబడితే తీసుకుని, ఒళ్లో పెట్టుకుని మడతపెట్టసాగింది.

కౌన్సిలర్ నోటుపుస్తకం తెరిచింది. ఆ పుస్తకంలో ఎడమ పేజీకి వచ్చినవాళ్లు తెచ్చిన మాట రాస్తుంది. కుడి పేజీకి జరిగింది రాస్తుంది. కుడి పేజీ ఖాళీగా ఉన్నంతవరకూ ఎవరి గురించీ ఏ అభిప్రాయమూ ఇవ్వదు. అది ఆమె పద్ధతి.

"ఆ అమ్మాయి మీద అరిచారా?"

"అరిచాను."

"చెయ్యి పట్టుకుని లాగారా?"

"లాగాను. మణికట్టు పట్టుకుని బల్ల దగ్గర్నుంచి ఈడ్చుకెళ్లాను. తొమ్మిదిమంది చూశారు. రాసుకోండి."

"ఎందుకు?"

సైరన్ తువ్వాలు మడత విప్పి, అంచులు సరిచూసి, మళ్లీ మడిచింది. "నా గొంతే అంత మేడమ్. ఆ యంత్రాల పక్కన మెల్లిగా మాట్లాడితే నాకే వినబడదు."

"గొంతు సంగతి కాదు. లాగడం సంగతి."

"ఆ పిల్లే కదా ఫిర్యాదు ఇచ్చింది?"

కౌన్సిలర్ నోటుపుస్తకం వైపు చూపు దించింది.

"చెప్పకండిలే. ఇంకెవరిస్తారు?" సైరన్ తువ్వాలు బల్ల మీద పెట్టింది. "కోపం లేదా అంటే ఉంది. బోలెడంత ఉంది. దానికి పనంతా నేర్పింది నేను."

"మీ పని పోతుంది. నేను ఊరికే అడగడం లేదు. ఎందుకు లాగారో చెబితే నేను రాస్తాను."

"ఒకరికి మాటిచ్చాను. చెప్పకూడదు." లేచి నిలబడింది. "పని పోతే పోయింది. ఇంట్లో మా ఆయనకి మంచం దిగడం చేతకాదు. ఆయన్ని దింపి, ఎక్కించి, వంట చేసుకుంటాను. తిండికి ఏం చేస్తానో నెలాఖరుకి ఆలోచిస్తాను. వెళ్లనా? అక్కడ వీళ్లు సరిగ్గా దులపరు."

కుడి పేజీలో కౌన్సిలర్ ఇలా రాసుకుంది: 'అరిచింది. మణికట్టు పట్టి లాగింది. మాటిచ్చింది.' మూడో ముక్క కింద గీత గీసింది.

మధ్యాహ్నం కొత్తమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. ఇరవై నిమిషాలు ఇచ్చారని చెప్పింది. కూర్చున్నాక కూడా చేతికున్న రబ్బరు గ్లవ్స్ తీయలేదు.

"గ్లవ్స్ తీసి కూర్చోమ్మా."

"పర్లేదు మేడమ్. మళ్లీ వెళ్లాలిగా."

"ఏమైంది చెప్పు."

"ట్రామా మేడమ్." మాట తడుముకోలేదు. "ఆ గదిలోకి వెళ్తే ట్రిగ్గర్ అవుతోంది. నా ఎనర్జీ మొత్తం పోతోంది. నాకు సేఫ్ స్పేస్ కావాలి. చాలా టాక్సిక్‌గా ఉంది."

"ఎవరు?"

"ఎవరూ కాదు మేడమ్. ఆ గదే."

ఎవరో చెప్పడానికి భయపడుతోంది అనుకుంది కౌన్సిలర్. ఎడమ పేజీ నిండింది. నాలుగైదు రకాలుగా అడిగింది. ప్రతిసారీ ఫోన్‌లో చూసి నేర్చుకున్న వాక్యమే తిరిగొచ్చింది, నున్నగా, చెయ్యి పెడితే జారిపోయేలా. పందొమ్మిదేళ్ల పనిని ఈ పిల్ల నాలుగు అరువు మాటలతో ఊడగొడుతోందే అని ఆమెకి ఒళ్లు మండింది. ఇరవై నిమిషాలూ అయిపోయాయి. అమ్మాయి వెళ్లిపోయింది. ఆమె కోసం తెరిచిన కుడి పేజీలో ఒక్క అక్షరం లేదు.

* * *

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి వంటింట్లో పంచాయితీ నడుస్తోంది. కూతురు గట్టు మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చుంది. మధ్యలో బుట్టెడు ఉల్లిపాయలు.

"అమ్మా, నానమ్మ ఉల్లిపాయలు తరగదట. నేను తరగమంటే నా మీద ఎమోషనల్ బ్లాక్‌మెయిల్ చేస్తోంది."

"బ్లాకూ లేదు, మెయిలూ లేదు," అంది అత్తగారు. "నాకు బౌండరీలు ఉన్నాయి. నువ్వే కదుటే నేర్పావు. ఉల్లిపాయలు నా బౌండరీ."

"నేర్పింది నా మీదే వాడతావా?"

"మరి పక్కింటివాళ్ల మీద వాడనా?"

కౌన్సిలర్‌కి నవ్వొచ్చింది. సంచి కింద పెట్టి కత్తిపీట అందుకుంది. నాలుగు ఉల్లిపాయలు తరిగాక చెయ్యి ఆగింది. అత్తగారు నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉల్లిపాయ ఇంకొకరిని ముట్టుకోనిచ్చేది కాదు. ముక్కలు లావుగా తరుగుతారని ఎవరినీ నమ్మేది కాదు.

"అత్తయ్యా, ఉల్లిపాయ తరిగితే ఏమవుతోంది?"

"ఏమవుతుంది, కళ్లమ్మట నీళ్లొస్తాయి."

"కళ్లు కాదు. చేతికేమవుతోంది?"

ఆవిడ కొంగు సవరించుకుంది. కొంగు కిందనుంచి కుడిచెయ్యి బయటికి రాలేదు. కౌన్సిలర్ వెళ్లి ఆ చెయ్యి తీసి చూసింది. చూపుడువేలు కణుపు దగ్గర ఉబ్బి ఉంది. వంచబోతే ఆవిడ పళ్లు బిగపట్టింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"చలి మొదలైనప్పట్నుంచి. చెబితే వంటింట్లోకి రానివ్వరు కదే. పిల్ల ఆ మాట చెప్పింది, నోటికి బాగుంది. అనేశాను."

కూతురు గట్టు దిగింది. "నానమ్మా, నొప్పి అని చెప్పొచ్చుగా!"

"నొప్పి అంటే ఎక్కడా, ఎంతా, చూపించూ అంటారు. ఇదైతే ఎవరూ ఏమీ అడగరు."

కౌన్సిలర్ కత్తిపీట ముందు మళ్లీ కూర్చుంది. కొత్తమ్మాయి తీయని ఆ గ్లవ్స్ గురించి ఆలోచిస్తూ మిగతా ఉల్లిపాయలు తరిగింది. ముక్కలు లావుగా వచ్చాయి. అత్తగారు చూసి ఏమీ అనలేదు.

* * *

బుధవారం కొత్తమ్మాయి వచ్చేసరికి నోటుపుస్తకం మూసి ఉంది.

"ఇవాళ ఆ మాటలు వద్దు," అంది కౌన్సిలర్. "అవి తప్పని కాదు. పక్కన పెడదాం. ఎర్ర సంచి బల్ల మీద పడగానే నీ చేతులకి ఏమవుతుందో అది చెప్పు."

"వణుకుతాయి."

"రెండూనా?"

"ఎడమది ఎక్కువ."

"గ్లవ్ తీస్తావా?"

అమ్మాయి వేళ్ల చివర్లు ఒక్కొక్కటే లాగి గ్లవ్ తీసింది. ఎడమచేతి నడిమి వేలికి ప్లాస్టర్ ఉంది. అప్పుడే వేసినట్టు కొత్తగా ఉంది. అది కూడా తీసింది. కింద ఏమీ లేదు. చర్మం మామూలుగా ఉంది.

"రోజూ మారుస్తున్నాను," అంది. "మానిపోయింది. కానీ లోపల ఏముందో తెలీదుగా."

"ఎప్పుడు?"

"రెండు వందల ముప్పై ఒకటి నాడు."

కౌన్సిలర్‌కి ముందు అర్థం కాలేదు. అమ్మాయి తలుపు వైపు, తలుపు అవతల గోడ వైపు చూపించింది. బోర్డు మీద ఆ రోజు ఉన్న అంకె అది. ఇవాళ రెండు వందల నలభై అయిదు. మధ్యలో పద్నాలుగు రోజులు.

ఇంక అడగక్కర్లేకపోయింది. సంచులు ఎక్కువొచ్చాయి, తొందరలో దులపకుండా చెయ్యి పెట్టింది, దుప్పటి మడతలో సూది ఉంది. ఎవరికి వాడిందో తెలీదు. మేనేజరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన సూది డబ్బాలో పడేసి, ప్లాస్టర్ ఇచ్చాడు. "ఆ బోర్డు సున్నాకి తిరగేయమంటావా? తిరగేస్తే నీ ఉద్యోగం కూడా తిరగబడుతుంది, చూసుకో," అన్నాడు. ఇంకో మూడు నెలలైతేగాని ఆమెది ఖాయం ఉద్యోగం కాదు. ఫోన్‌లో చదివితే, హెచ్‌ఐవీ లాంటివి సోకకుండా మూడు రోజుల్లోపు మందు మొదలుపెట్టాలని ఉంది. మూడు రోజులూ దాటిపోయాయి.

"ఇంట్లో పాప ఉంది మేడమ్. రెండేళ్లు. దాన్ని ముద్దుపెట్టుకుని పద్నాలుగు రోజులైంది. దగ్గరికొస్తే తోసేస్తున్నాను."

"ముద్దుతో ఏమీ అంటుకోదు," అంది కౌన్సిలర్. అది ముందు చెప్పాల్సిన మాట అనిపించింది. "ఇంకెవరికి తెలుసు?"

"సైరనక్కకి. నాలుగు రోజుల తర్వాత గ్లవ్ లోపల ప్లాస్టర్ చూసింది. 'ఈ బల్ల దగ్గర ఇంకో నిమిషం నిలబడ్డావంటే చూడు' అని చెయ్యి పట్టుకుని మడతల బల్ల దగ్గరికి లాక్కెళ్లింది. డాక్టరు దగ్గరికి పదమంది. నేనే కాళ్లమీద పడ్డాను. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాను."

"మరి ఆవిడ పేరెందుకు రాశావు?"

"ఎవరి పేరు?"

కౌన్సిలర్ సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద విప్పింది. అమ్మాయి రెండుసార్లు చదివింది.

"ఇది నేను రాయలేదు. పేరు అడిగితే చుక్క పెట్టాను. నాకు మీ అపాయింట్‌మెంటే కావాలి మేడమ్. గడి నొక్కకపోతే మీ దగ్గరికి రానివ్వదు ఆ ఫోన్ ఫారం. సూది అని గడి లేదు."

ఆ ఆరు గడులూ ఎవరి చలవో కౌన్సిలర్‌కి తెలుసు. లేచి కుర్చీ వెనక్కి తోసింది.

"పద. డాక్టరు దగ్గరికి. దానికి నీ ఒప్పుదల కావాలి. ఈ సంగతి కమిటీలో చెప్పడానికి వేరే ఒప్పుదల కావాలి. అది ఇప్పుడు చెప్పక్కర్లేదు. ముందు రక్తం ఇద్దువుగాని."

ఇద్దరూ వరండా చివరిదాకా నడిచి క్యాజువాలిటీకి వెళ్లారు. డ్యూటీ డాక్టరు ఆలస్యానికి కేకలేశాడు, రిజిస్టర్‌లో తేదీ రాశాడు, రక్తం తీయించాడు. ఒక ఫలితం శుక్రవారానికి వస్తుందనీ, ఆరు వారాలకి ఒకసారి, మూడు నెలలకి ఒకసారి మళ్లీ చేయించాలనీ చెప్పాడు. అమ్మాయి చీటీ తీసుకుని నాలుగు మడతలు పెట్టింది, లాండ్రీలో నేర్పిన పద్ధతిలో, అంచుకి అంచు కలిపి.

కౌన్సిలర్ అక్కడినుంచి నేరుగా హెచ్‌ఆర్ గదికి వెళ్లింది.

"ఈ పేరు ఎవరు నింపారు?"

"ఫోన్‌లో చుక్క చెల్లుతుంది గానీ మా సిస్టమ్ తీసుకోదు మేడమ్. ఎవరై ఉంటారని లాండ్రీ మేనేజర్ని అడిగాను. ఆయన చెప్పాడు." ఆఫీసరు ఆమె ముఖం చూసి స్వరం తగ్గించాడు. "అరిచేది ఆవిడేగా. అందరికీ తెలిసిందే."

"సరే. శుక్రవారం వస్తాను," అంది కౌన్సిలర్.

* * *

శుక్రవారం కమిటీలో బల్లకి ఒక పక్క నర్సింగ్ సూపరింటెండెంట్, ఆఫీసరు, లాండ్రీ మేనేజరు కూర్చున్నారు. కౌన్సిలర్ ఎదురుగా కూర్చుంది. కొత్తమ్మాయి దగ్గర్నుంచి ఇంకా ఏ మాటా రాలేదు. ఒప్పుకోమని ఆమె అడగలేదు.

కాగితం సంతకం లేకుండా బల్ల మీద పెట్టింది.

"నేను సంతకం చేయను."

"అంటే ఫిర్యాదు అబద్ధమనా?" అంది సూపరింటెండెంట్.

"కాదు. ఆ పిల్ల బాధ నిజం. కానీ ఈ మూడు మాటలు నేను రాసిచ్చినవి. ఒక తలుపు మీద వేలాడేయడానికి రాశాను. ఒకరిని పనిలోంచి తీసేయడానికి ఇవి చాలవు. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో ఇందులో లేదు. ఉన్న ఒక్క పేరూ ఆ అమ్మాయి రాసింది కాదు."

"మరి జరిగిందేమిటి?"

"నాకు తెలుసు. చెప్పే హక్కు నాకు లేదు."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "చూశారా మేడమ్, తేలేదేమీ లేదు. ఆవిడ అరుపులు మాత్రం అందరం రోజూ వింటున్నాం."

సైరన్‌ని పిలిచారు. వచ్చి నిలబడింది. చేతులు తడిగా ఉన్నాయి, చీర కుచ్చిళ్లకి తుడుచుకుంది.

"అరిచారా?" అని అడిగింది సూపరింటెండెంట్.

"అరిచాను."

"లాగారా?"

"లాగాను."

"లాగినందుకు క్షమాపణ రాసిస్తే ఆలోచిస్తాం," అన్నాడు ఆఫీసరు.

"రాయను. అవసరమైతే మళ్లీ లాగుతాను."

"ఎందుకు లాగారో అదన్నా చెప్పండి."

సైరన్ కౌన్సిలర్ వైపు చూసింది, తర్వాత కిటికీ వైపు. ఆ పిల్లే తన పేరు రాసిందని అప్పటికీ అనుకుంటోంది. అయినా పెదవి విప్పలేదు. కౌన్సిలర్ వేళ్లు నోటుపుస్తకం అట్టని గట్టిగా పట్టుకున్నాయి. బుధవారం రాసుకున్న మూడు వాక్యాలు చదివితే చాలు. చదవలేదు.

తలుపు దగ్గర చప్పుడైంది. కొత్తమ్మాయి లోపలికి వచ్చింది. చేతులకి గ్లవ్స్ లేవు. మడత విప్పిన చీటీ సూపరింటెండెంట్ ముందు పెట్టింది.

"నాకు సూది గుచ్చుకుంది. మేనేజరు గారికి అప్పుడే చెప్పాను, ఎవరితో అనొద్దన్నారు. సైరనక్క నన్ను ఆ బల్ల దగ్గర్నుంచి తప్పించింది, ఎవరికీ చెప్పొద్దని నేనే మాట తీసుకున్నాను." ఊపిరి తీసుకుంది. "అది జరిగింది రెండు వందల ముప్పై ఒకటో రోజున."

సూపరింటెండెంట్ చీటీ చదివింది. తేదీ దగ్గర వేలు ఆనించింది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"ఇవాళ బోర్డు మీద ఎంతుంది?"

ఉదయం పలక మార్చింది ఆయనే.

"రెండు వందల నలభై ఏడు."

సూపరింటెండెంట్ ఆ అంకెని ఫిర్యాదులో సంతకం గీత మీద రాసుకుంది. సైరన్ మీద ఉన్న ఆ కాగితాన్ని కొట్టేసి ఆఫీసరుకి ఇచ్చింది. "ఈవిడ కాంట్రాక్టు కాగితాలు నా దగ్గరికి పంపండి." మేనేజరుతో, "మీరు కూర్చోండి," అంది. "మిగతావాళ్లు పనికి వెళ్లొచ్చు."

* * *

మెట్ల మీద సైరన్ ఆగింది.

"అయితే నా పేరు నువ్వు పెట్టలేదుటే?"

"లేదక్కా. చుక్క పెట్టాను."

"అయిదు రోజులు నిన్ను తిట్టుకున్నానే! అన్నం తింటూ తిట్టాను, బస్సులో నిలబడి తిట్టాను. ఇప్పుడా తిట్లన్నీ ఎవరికివ్వను?"

"మేనేజరుకివ్వక్కా. ఆయన దగ్గరైతే పాడవకుండా నిలవ ఉంటాయి."

"రక్తం సంగతేంటి?"

"ఇప్పటికి ఏమీ లేదన్నారు. ఇంకా రెండుసార్లు చూడాలి."

"రెండుసార్లూ నేనొస్తాను," అంది సైరన్.

కౌన్సిలర్ వాళ్లకంటే ముందు నడిచి లాండ్రీ తలుపు దగ్గర ఆగింది. పోస్టర్ కింది మూల గోటితో లేపి లాగబోయింది.

"అదెందుకు పీకుతున్నారు?" సైరన్ అరుపుకి ఆమె చెయ్యి ఆగింది.

"దీనివల్లే కదా మీకు ఇంత జరిగింది."

"ఉంచండి మేడమ్," అంది కొత్తమ్మాయి. "మీరున్నారని నాకు తెలిసింది అది చూసే."

కౌన్సిలర్ లేపిన మూలని మళ్లీ గోడకి అదిమింది. తర్వాత లోపలికి వెళ్లి, మూటలకి గుర్తులు వేసే గుడ్డ టేపు, ఉతికినా పోని నల్ల పెన్ను అడిగి తెచ్చుకుంది. ఆరు మాటల్నీ వదిలేసి, క్యూఆర్ కోడ్ మీద అడ్డంగా రెండు వరసలు టేపు అంటించింది. దాని మీద రాసింది: 'గడులు నింపక్కర్లేదు. ఏం జరిగిందో వచ్చి చెప్పండి. సోమ, బుధ, శుక్ర. లినెన్ స్టోరు పక్క గది.'

ఆఫీసరు ఏమంటాడో సోమవారం వింటుంది. ఇదే మాట ఫారంలో కూడా పెట్టించేదాకా అతన్ని వదలదు.

కొత్తమ్మాయి స్టూలు తెచ్చుకుని ఎక్కింది. బోర్డు మీద మూడు పలకలూ తీసింది. మూడు సున్నాలు వెతికి మేకులకి తగిలించింది.

"సున్నా ఏంటే?" అంది సైరన్ కిందనుంచి. "నీకు గుచ్చుకుంది ఇవాళా? ఆ రోజు నుంచి లెక్కపెట్టు."

అమ్మాయి వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది. చివరి రెండు సున్నాలూ తీసి పక్కన పెట్టి, ఒకటి, ఆరు వెతికి తగిలించింది.

"పదహారు," అంది.

"ఆఁ, అది. ఇప్పుడు దిగు. సంచులొచ్చాయి." సైరన్ ద్వారం దాటి లోపలికి వెళ్లింది. మరుక్షణం యంత్రాల హోరు మీదుగా ఆ గొంతు లేచింది.

"దులుపూ!"